పదకొండో స్థానంలో ఉన్న జట్టు ఎవరి కోసం దాచుకుంటోంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో పదకొండో స్థానంలో ఉంది. జనవరిలో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్‌లో పెద్దా చిన్నా క్లబ్బులు కలిసి ఆడే, ఓడితే ఇంటికే అనే పోటీ) మూడో రౌండ్‌కి తొమ్మిదేళ్ళ మీ అబ్బాయిని మొదటిసారి స్టేడియానికి తీసుకెళ్ళారు. మేనేజర్ అంతకుముందు ఆడిన జట్టులో తొమ్మిది మందిని మార్చాడు. రెండు డివిజన్ల కింద ఆడే జట్టు వచ్చి గెలిచి వెళ్ళింది. తర్వాత మేనేజర్ మైకు ముందు "మాకు లీగే ముఖ్యం" అన్నాడు. కారులో ఇంటికొస్తుంటే మీవాడు "నాన్నా, మరి ఆడటం ఎందుకు?" అన్నాడు. క్లబ్బులు ఈ కప్పులను సీరియస్‌గా తీసుకోవాలా, మేనేజర్ మాటలో ఏమైనా న్యాయం ఉందా, వచ్చే జనవరిలో మళ్ళీ టికెట్ కొనాలా. ఇవీ మీ ప్రశ్నలు.

నా సంగతి రెండు ముక్కల్లో. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ దాదాపు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఉద్యోగం కోసం ఏడేళ్ళు ఉత్తర ఇంగ్లండ్‌లో ఉన్నాను. ఆ రోజుల్లో చాలా కింది డివిజన్‌లో ఆడే ఒక చిన్న క్లబ్బుకి శనివారాలు గేటు దగ్గర టికెట్ డబ్బులు తీసుకునే పని చేశాను, జీతం లేకుండా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆదివారాలు కుర్రాళ్ళకి ఆట నేర్పిస్తుంటాను. కాబట్టి పెద్ద క్లబ్బుల లోపలి సంగతులు నాకు తెలుసని చెప్పను కానీ, కప్ మ్యాచ్‌ని రెండు చివరల నుంచీ చూశాను.

సూటిగా చెబుతాను. మీ మేనేజర్‌ది తప్పు. అదే మాట ఇరవై జట్లలో పదిహేడో స్థానంలో, కింది డివిజన్‌కి దిగిపోయే అంచున ఉన్నవాడు అంటే కూర్చుని వింటాను. యూరప్‌లో పెద్ద క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఆడుతున్నవాడు, ఎఫ్‌ఏ కప్ కన్నా చిన్నదైన లీగ్ కప్ గురించి అంటే కూడా వింటాను. పదకొండో స్థానంలో ఉన్నవాడు అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఎవరి కోసం దాచుకుంటున్నాడు? పదో స్థానం కోసమా?

డబ్బు లెక్క ముందు తేల్చేద్దాం, ఎందుకంటే వాళ్ళు మొదట పట్టుకొచ్చేది అదే. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో స్థానం పైకెక్కితే సుమారు 30 లక్షల పౌండ్లు అదనంగా వస్తాయి. ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గెలిస్తే 20 లక్షల పౌండ్ల చిల్లర, మూడో రౌండ్ నుంచి గెలుచుకుంటూ వెళ్తే మొత్తం 40 లక్షల దరిదాపుల్లో. అంటే కప్పు మొత్తం గెలిచినా లీగ్‌లో ఒక మెట్టు, మహా అయితే ఒకటిన్నర మెట్టు ఎక్కినంత. చూడగానే "అంతేగా" అనిపిస్తుంది. కానీ మూడో రౌండ్ నుంచి ఫైనల్ దాకా ఆడాల్సింది ఆరే మ్యాచ్‌లు. ఆ ఆరూ వదిలేసినంత మాత్రాన లీగ్‌లో మెట్టు ఎక్కుతామన్న గ్యారంటీ ఎవడిచ్చాడు? పైగా కప్పు గెలిస్తే ఛాంపియన్స్ లీగ్‌కి తర్వాతి మెట్టు పోటీ అయిన యూరోపా లీగ్‌లో చోటు దొరుకుతుంది. పదకొండో స్థానంలో ఉన్నవాడికి యూరప్ టికెట్ ఇచ్చేవి ఇలాంటి కప్పులే. లీగ్ కప్ ప్రైజ్ మనీ మాత్రం నిజంగానే నవ్వులాట, గెలిచినవాడికి లక్ష పౌండ్లు. ఒక మామూలు స్టార్ ఆటగాడికి వారం జీతం కూడా కాదు. దాని గురించి డబ్బు వాదన చేసేవాళ్ళతో నేను పోట్లాడను.

డబ్బు కాసేపు పక్కన పెట్టండి. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఇన్నేళ్ళలో టైటిల్ గెలిచిన క్లబ్బులు ఏడు. మాంచెస్టర్ యునైటెడ్, బ్లాక్‌బర్న్, ఆర్సెనల్, చెల్సీ, మాంచెస్టర్ సిటీ, లెస్టర్, లివర్‌పూల్. ఇందులో బ్లాక్‌బర్న్, లెస్టర్ ఒక్కోసారి మెరిసి మాయమైనవే. మిగతావాళ్ళందరికీ లీగ్ అంటే అద్దె ఇల్లు లాంటిది. ప్రతి ఏడాదీ అద్దె కట్టి ఇంకో ఏడాది ఉండటమే. అది తక్కువ సంగతి కాదు, ఖాళీ చేయాల్సొస్తే ఎంత నష్టమో నాకు తెలుసు. అట్టడుగున నిలిచిన క్లబ్బుకి కూడా లీగ్ నుంచి పది కోట్ల పౌండ్ల పైన వస్తాయి, కిందికి దిగితే అందులో సగం కూడా మిగలదు. కానీ జనవరిలో పదకొండో స్థానంలో ఉన్నవాడిని ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అడగట్లేదు. అద్దె కట్టేశాడు. ఇప్పుడైనా పిల్లల్ని సినిమాకి తీసుకెళ్ళొచ్చు కదా అని నా గోల.

మీ మేనేజర్ తరఫు లాయరుగా ఎవరైనా లేస్తే మొదట తీసే ఫైలు విగన్ అనే చిన్న క్లబ్‌ది. 2013 మే 11న, ఫైనల్స్ జరిగే లండన్ వెంబ్లీ స్టేడియంలో వాన. విగన్ అత్లెటిక్ మాంచెస్టర్ సిటీతో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఆడుతోంది. తొంభై నిమిషాలు దాటి మొదటి నిమిషం. షాన్ మలోనీ కార్నర్ వేశాడు, బెన్ వాట్సన్ పైకెగిరి తలతో పోస్టు లోపలికి తిప్పాడు. నవంబరులో కాలు విరిగి ఆ మధ్యే తిరిగొచ్చిన వాట్సన్, సబ్‌స్టిట్యూట్‌గా దిగి పది నిమిషాలైంది అంతే. ఆ క్లబ్ యజమాని డేవ్ వీలన్ 1960 ఫైనల్లో బ్లాక్‌బర్న్ తరఫున ఆడుతూ ఇదే వెంబ్లీలో కాలు విరగ్గొట్టుకున్నాడు. యాభై మూడేళ్ళ తర్వాత తన జట్టును తనే ముందుండి మైదానంలోకి నడిపించాడు. ఇలాంటిది కథలో రాస్తే ఎడిటర్ తిప్పి పంపిస్తాడు. మూడు రోజులకి ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి విగన్ కింది డివిజన్‌కి దిగిపోయింది. ఎఫ్‌ఏ కప్ గెలిచిన సీజన్లోనే దిగిపోయిన మొదటి క్లబ్ అదే.

దీన్ని చూపించి "చూశారా, కప్పు వెంట పడితే ఇంతే" అంటారు. అయ్యా, విగన్ అంతకుముందు ఏడాది చివరి తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి గట్టెక్కింది. దానికి ముందు ఏడాది ఆఖరి రోజున బయటపడింది. ఆ రెండేళ్ళూ కప్పు ఫైనల్ ఏమీ లేదే, మరి అప్పుడెందుకు అంచుల దాకా వెళ్ళింది? జట్టు స్థాయే అంత. మూడోసారి తాడు తెగింది. అది కప్పు వల్ల తెగిందనడం, పరీక్షకి ముందు రోజు సినిమా చూశాడు కాబట్టి ఫెయిలయ్యాడు అనడం లాంటిది, ఏడాది పొడుగునా పుస్తకం ముట్టని సంగతి వదిలేసి.

పోనీ విగన్ ఒక్కదాన్నే ఎందుకు చూడాలి? 2011 నుంచి ఎఫ్‌ఏ కప్ ఫైనల్ చేరిన చిన్నా మధ్యరకం జట్లను వరసగా తీయండి. 2011లో స్టోక్, 2014లో హల్, 2015లో ఆస్టన్ విల్లా, 2016లో క్రిస్టల్ ప్యాలెస్, 2019లో వాట్‌ఫర్డ్, 2025లో మళ్ళీ ప్యాలెస్. వీళ్ళలో ఆ సీజన్లో దిగిపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఇటు ప్రతి ఏడాదీ మూడు జట్లు దిగిపోతాయి, వాటిలో చాలావరకు కప్పు ఫైనల్ మొహం చూసినవి కావు. కప్పు వదిలేశాం కాబట్టే దిగిపోయాం అని మాత్రం ఎవరూ ప్రెస్ మీట్ పెట్టరు.

న్యాయంగా ఎదుటి పక్షానికి నిజంగా పనికొచ్చే కేసు కూడా చెప్పాలి, వాళ్ళు దాన్ని తక్కువగా వాడుకుంటారు. మిడిల్స్‌బ్రో, 1996-97. జునిన్యో, రవనెల్లి లాంటి స్టార్లు ఉన్న జట్టు. ఆ ఏడాది లీగ్ కప్ ఫైనల్ ఆడింది, మొదటి మ్యాచ్ సమం కావడంతో మళ్ళీ ఆడిన మ్యాచ్‌లో (దీన్నే రిప్లే అంటారు) లెస్టర్ చేతిలో ఓడింది. ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఆడింది, చెల్సీ ఆటగాడు డి మాటియో ఒక నిమిషం కూడా కాకముందే గోల్ కొట్టాడు, ఓడింది. లీగ్‌లో దిగిపోయింది. ఒకే ఏడాదిలో మూడు దెబ్బలు. ఇక్కడ అలసట లేదని నేను అనలేను, మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు పడ్డాయి. అయితే ఇందులో ఇంకో మెలిక ఉంది. డిసెంబరులో జట్టులో చాలామందికి జబ్బులు, గాయాలు అని చెప్పి బ్లాక్‌బర్న్‌తో లీగ్ మ్యాచ్‌కి అసలు వెళ్ళలేదు. శిక్షగా మూడు పాయింట్లు కోశారు. ఆ మూడూ ఉండి ఉంటే గట్టెక్కేవాళ్ళు. కప్పు కన్నా ఆ రోజు ఆఫీసులో తీసుకున్న నిర్ణయమే వాళ్ళను ముంచింది.

ఆ తర్వాతి కథ చెప్పకుండా ఈ ఫైలు మూస్తే అన్యాయం. మిడిల్స్‌బ్రో ఒక్క ఏడాదిలో తిరిగి పైకొచ్చింది. 2004లో బోల్టన్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిచింది. క్లబ్ చరిత్రలో మొదటి పెద్ద ట్రోఫీ. ఆ కప్పు పుణ్యమా అని యూరప్‌లో అడుగు పెట్టింది, 2006లో ఏకంగా యుఈఎఫ్‌ఏ కప్ (ఇప్పటి యూరోపా లీగ్) ఫైనల్ దాకా వెళ్ళింది. సెవియా చేతిలో 4-0 తేడాతో ఓడారులెండి. అయినా ఈ రోజు ఆ ఊరి మనిషిని పట్టుకుని 2004లో లీగ్‌లో ఎన్నో స్థానం అని అడగండి. నేను అడిగాను. ఆఫీసులో నా పక్క సీటు ఆయనది మిడిల్స్‌బ్రోయే. పైకి చూసి, వేళ్ళు లెక్కపెట్టి, "పదకొండా? పన్నెండా?" అన్నాడు. కార్డిఫ్‌లో ఫైనల్‌కి ఏ బస్సులో వెళ్ళాడో, పొద్దున ఏం తిన్నాడో, పక్కన ఎవరు కూర్చున్నారో మాత్రం ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పాడు.

నా అసలు వాదన ఇక్కడుంది. కప్పును వదిలేయాలా వద్దా అని నిర్ణయించేవాడు ఒకడు, ఆ నిర్ణయంతో బతకాల్సినవాడు ఇంకొకడు. మేనేజర్ రెండు మూడేళ్ళు ఉంటే గొప్ప. కప్పు మూడో రౌండ్లో ఓడినందుకు అతని ఉద్యోగం పోదు, దిగిపోతే పోతుంది. అతని వైపు నుంచి చూస్తే తొమ్మిది మందిని మార్చడం తెలివైన పనే. కప్పు గెలిచినా ఉద్యోగానికి భరోసా లేదు పాపం. 2016లో మేనేజర్ లూయీ వాన్ గాల్ మాంచెస్టర్ యునైటెడ్‌కి ఎఫ్‌ఏ కప్ గెలిచిపెట్టాడు, రెండు రోజుల్లో పంపించేశారు. టాటెన్‌హమ్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. 2021 ఏప్రిల్‌లో లీగ్ కప్ ఫైనల్ ఇంకో ఆరు రోజులుందనగా మేనేజర్ మొరీన్యోని తీసేసి, 29 ఏళ్ళ రయన్ మేసన్‌కి జట్టు అప్పజెప్పింది. అప్పటికి 2008 తర్వాత ఒక్క ట్రోఫీ లేని క్లబ్ అది! ట్రోఫీలు గెలవడమే వృత్తిగా పెట్టుకున్న మనిషిని ఫైనల్ వారంలో ఇంటికి పంపారు. ఫైనల్ 1-0తో ఓడారు. ఇప్పటికీ నాకు అర్థం కాని నిర్ణయం అది. అదే క్లబ్‌లో అంతకుముందు మేనేజర్ పొచెట్టీనో దేశీయ కప్పులు అహాన్ని పెంచుకోవడానికే అన్నట్టు మాట్లాడాడు. ఆ క్లబ్ చివరికి 2025లో లీగ్‌లో పదిహేడో స్థానంలో ఉంటూ యూరోపా లీగ్ గెలిచింది. అభిమానులు ఆ సీజన్‌ని ఏ లెక్కన గుర్తుపెట్టుకుంటారో వేరే చెప్పాలా?

అభిమాని లెక్క వేరు. అతనిది యాభై అరవై ఏళ్ళ లెక్క. న్యూకాసిల్ సంగతి చూడండి. 1955లో ఎఫ్‌ఏ కప్ గెలిచాక 2025 దాకా ఇంగ్లండ్‌లో ఒక్క పెద్ద ట్రోఫీ లేదు. మైక్ ఆష్లే యజమానిగా ఉన్న 2007-2021 మధ్య పద్నాలుగేళ్ళలో ఆ క్లబ్ ఏ కప్పులోనూ క్వార్టర్ ఫైనల్ దాటలేదు. మధ్యలో రెండుసార్లు దిగిపోయింది కూడా, కాబట్టి కప్పు లేకపోవడం లీగ్‌కి ఏమీ మేలు చెయ్యలేదు. 2025 మార్చి 16న లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ మీద మొదటి గోల్ కొట్టింది డాన్ బర్న్. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడు, చిన్నప్పుడు న్యూకాసిల్ అకాడమీ వద్దని పంపించేసినవాడు, ఆరడుగుల ఏడంగుళాల మనిషి. కార్నర్‌ని తలతో కొట్టాడు. మ్యాచ్ 2-1తో ముగిశాక కెమెరా స్టాండ్స్ వైపు తిరిగింది. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళు ఏడుస్తున్నారు. లక్ష పౌండ్ల కప్పు అది. దాన్ని "మూడో ప్రాధాన్యం" అనే ధైర్యం ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరికైనా ఉంటుందా?

పెద్ద క్లబ్బులకి ఇంతే కఠినంగా చెప్పను. ఛాంపియన్స్ లీగ్ ఆడుతూ, టైటిల్ వేటలో ఉంటూ, వారానికి రెండు మ్యాచ్‌లు ఆడేవాడు లీగ్ కప్‌కి కుర్రాళ్ళను దించితే అది అవమానం కాదు. ఈ అలవాటుకి బాగా పేరొచ్చిన రోజు 1994 సెప్టెంబరు. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ లీగ్ కప్‌లో చిన్న జట్టు పోర్ట్ వేల్ మీదికి బెకమ్, స్కోల్స్, నెవిల్, బట్ లాంటి కుర్రాళ్ళను తీసుకెళ్ళాడు. మేం స్టార్లను చూద్దామని టికెట్లు కొంటే పిల్లల్ని పంపిస్తారా అని ఊరంతా గొడవ, అక్కడి ఎంపీ పార్లమెంటులో లేవనెత్తేదాకా వెళ్ళింది. యునైటెడ్ 2-1తో గెలిచింది, రెండు గోల్సూ స్కోల్స్‌వే. ఆ "పిల్లలు" తర్వాత ఏమయ్యారో మీకు తెలుసు. 2024 లీగ్ కప్ ఫైనల్లో అప్పటి లివర్‌పూల్ మేనేజర్ క్లోప్ కూడా గాయాల వల్ల క్లార్క్, మెకానెల్, డాన్స్ లాంటి కుర్రాళ్ళను దించాడు. చెల్సీ కోట్లు పోసి కొన్న జట్టు ఎదురుగా ఉంది. ఎక్స్‌ట్రా టైమ్‌లో లివర్‌పూల్ ఆటగాడు వాన్ డైక్ తలతో గెలుపు గోల్. మన టైమ్ ప్రకారం రాత్రి పదకొండు దాటేసరికి మా ఇంట్లో అరుపులకి కింది ఫ్లోర్ ఆంటీ ఫోన్ చేసి "అంతా బాగానే ఉందా నాన్నా" అని అడిగారు.

అదే క్లోప్ 2020 ఫిబ్రవరిలో కింది డివిజన్ జట్టు ష్రూస్‌బరీతో ఎఫ్‌ఏ కప్ రిప్లేకి తను కూడా రాకుండా, కుర్రాళ్ళను వాళ్ళ కోచ్‌తో పంపాడు. శీతాకాలం సెలవులని లీగే చెప్పింది, ఇప్పుడు మ్యాచ్ పెడతారా అని అతని కోపం. కోపంలో న్యాయం ఉంది. కానీ మేనేజర్ స్టేడియానికి కూడా రాకపోవడం నాకు నచ్చలేదు. కుర్రాళ్ళు 1-0తో గెలిచారు, అది వేరే సంగతి. కుర్రాళ్ళను దించడానికీ మ్యాచ్‌ని వదిలేయడానికీ మధ్య గీత ఒకటుంది. ఫెర్గూసన్ ఆ గీతకి ఇవతల ఉన్నాడు. ఆ రాత్రి క్లోప్ దాని మీద నిలబడ్డాడు. మీ మేనేజర్ అవతలకి వెళ్ళిపోయాడు.

ఆ గీత ఎక్కడుందో కోచింగ్ చేసేవాడిగా చెబుతాను. తొమ్మిది మందిని మార్చిన జట్టు "విశ్రాంతి తీసుకున్న జట్టు" కాదు, ఒకరితో ఒకరు ఎప్పుడూ ఆడని పదకొండు మంది. సెంటర్ బ్యాక్‌లు ఇద్దరూ కొత్తవాళ్ళైతే ఎవరు ముందుకెళ్ళాలి, ఎవరు వెనక ఉండాలో తెలియదు. గోల్‌కీపర్ అరిచే పిలుపు వాళ్ళ చెవికి అలవాటు లేదు. కింది డివిజన్ జట్టుకి కావాల్సింది అదే. వాళ్ళు మొదటి ఇరవై నిమిషాలు పిచ్చిపట్టినట్టు పరిగెడతారు, ప్రతి త్రోనీ పెనాల్టీ ఏరియాలోకి విసురుతారు, ఒక్క కార్నర్ దొరికితే చాలనుకుంటారు. పైజట్టులో మంచి ఆటగాళ్ళు ఉన్నా, ఆ ఇరవై నిమిషాల్లో వాళ్ళు మంచి ఆటగాళ్ళలా కనపడరు. అందుకే మా కుర్రాళ్ళ జట్టుకి కూడా నేను నాలుగు మార్పులకి మించి చెయ్యను. కీపర్‌ని మార్చొచ్చు, కప్పు కీపర్ అని విడిగా ఒకడుంటే వాడికీ సీజన్‌లో ఆశ ఉంటుంది. సెంటర్ బ్యాక్‌లలో ఒకడు పాతవాడే ఉండాలి, మధ్యలో ఆట నడిపేవాడు ఉండాలి. అసలు స్ట్రైకర్ బెంచీ మీద బూట్లు కట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు ఐదు సబ్‌స్టిట్యూషన్లు ఉన్నాయి, గంట ఆడాక మ్యాచ్ ఎటు వెళ్తోందో చూసి దించొచ్చు. బెంచీ కూడా కుర్రాళ్ళతో నింపితే ఆ మేనేజర్ ఓటమిని ముందే రాసి జేబులో పెట్టుకున్నట్టు.

2025లో క్రిస్టల్ ప్యాలెస్ ఏం చేసిందో గుర్తుచేసుకోండి. జనవరిలో మూడో రౌండ్, కింది డివిజన్ స్టాక్‌పోర్ట్ మీద ఎబరెచి ఎజే గోల్‌తో 1-0. ఎవరికీ గుర్తుండని, బోరు కొట్టిన మ్యాచ్. మే 17న ఫైనల్, మాంచెస్టర్ సిటీ మీద పదహారో నిమిషంలో అదే ఎజే గోల్, అదే 1-0. మధ్యలో గోల్‌కీపర్ హెండర్సన్ పెనాల్టీ ఆపాడు. ఆ క్లబ్ చరిత్రలో మొట్టమొదటి పెద్ద ట్రోఫీ. లీగ్‌లో పన్నెండో స్థానంలో ముగించింది, అంటే మీ క్లబ్ ఇప్పుడున్నచోటే ఇంచుమించు. జనవరిలో మేనేజర్ గ్లాస్నర్ "స్టాక్‌పోర్టే కదా" అని ఎజేని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే, మే నెలలో వెంబ్లీలో ఇంకెవరో ఉండేవారు. ఒకే యజమానికి రెండు క్లబ్బుల్లో వాటాలున్నాయని ఆ క్లబ్‌ని యూరోపా లీగ్ నుంచి దానికంటే కింది మెట్టు కాన్ఫరెన్స్ లీగ్‌కి దించడం వేరే బాధ, దానికి మైదానంలో ఆడినవాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

పైనున్నవాళ్ళ మాట ఎంతసేపు చెప్పినా, కప్పు అసలు రుచి కింద ఉంది. నేను గేటు దగ్గర కూర్చున్న క్లబ్ ఆగస్టులో, ఇంకా ఎండాకాలం పోకముందే ఎఫ్‌ఏ కప్ తొలి క్వాలిఫయింగ్ రౌండ్లు ఆడేది. వెంబ్లీలో ఫైనల్ జరిగే అదే కప్పు. బిస్కెట్ డబ్బాలో చిల్లర, రబ్బరు బ్యాండు చుట్టిన నోట్లు, రెండొందల మంది జనం. ఒక గెలుపుకి వెయ్యి, రెండు వేల పౌండ్లు వచ్చేవి. మ్యాచ్ అయ్యాక కోశాధికారి, రిటైరైన బస్సు డ్రైవర్ ఆయన, టీ స్టాల్ బల్ల మీద ఆ నాణేలు దొంతులుగా పేర్చి లెక్కపెట్టి, "డ్రెస్సింగ్ రూమ్‌లో వేడినీళ్ళు వచ్చేశాయి" అనేవాడు. రెండేళ్ళుగా బాయిలర్ పాడై ఉంది మరి. ఆ క్లబ్బు కప్పును సీరియస్‌గా తీసుకోవాలా అని అక్కడ ఎవరైనా అడిగితే ప్రశ్న అర్థం కాక టీ పోసి ఇచ్చేవాళ్ళు.

ఇంకొంచెం పైమెట్టు మీద ఎక్సెటర్ సిటీ ఉంది. 2005 జనవరి నాటికి లీగ్ డివిజన్లలోంచే జారిపోయి, అప్పుల్లో మునిగి, అభిమానులే చందాలతో నడుపుతున్న క్లబ్ అది. మూడో రౌండ్లో మాంచెస్టర్ యునైటెడ్ గడ్డ మీద, 67 వేల మంది ముందు 0-0. గేటు డబ్బులో రెండు జట్లకీ వాటా ఉంటుంది. రిప్లే తమ ఊళ్ళో, టీవీలో. ఓడిపోయారు, కానీ ఆ రెండు మ్యాచ్‌ల డబ్బు ఆ క్లబ్ ఊపిరి నిలబెట్టింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అది అభిమానుల చేతిలోనే ఉంది. ఇంకో ఎక్సెటర్‌కి ఆ దారి మూసుకుపోయింది, ఎందుకంటే 2024-25 నుంచి మొదటి రౌండ్ మొదలుకుని రిప్లేలు ఎత్తేశారు. పెద్ద క్లబ్బుల క్యాలెండర్‌లో చోటు లేదట. ఈ క్యాలెండర్ నిండింది చిన్న క్లబ్బుల వల్ల కాదు. యూరప్ పోటీల్లో మ్యాచ్‌లు పెంచింది, వేసవిలో ప్రపంచం చుట్టూ ఫ్రెండ్లీలు ఆడేది ఎవరు? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మనవాళ్ళ సంగతి ఒక్కటి చెప్పి ముగింపుకొస్తాను. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి ఇప్పటికీ ఏదైనా పేరుందంటే అది కప్పుల పుణ్యమే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పుడు దేశంలో జాతీయ లీగ్ అన్నదే లేదు, అది 1996లో గానీ రాలేదు. ఆ ఐదు కప్పులూ లేకపోతే ఆ జట్టు పేరు మనకి తెలిసేదా? ఇవాళ మన దేశంలోని పాత పోటీ డ్యూరాండ్ కప్‌కి కొన్ని క్లబ్బులు రిజర్వ్ కుర్రాళ్ళను పంపి చేతులు దులుపుకుంటాయి. 2024లో దాన్ని మనసు పెట్టి ఆడిన నార్త్ఈస్ట్ యునైటెడ్, మోహన్ బగాన్‌ని పెనాల్టీల్లో ఓడించి తన మొదటి ట్రోఫీ ఎత్తుకుంది.

మీ ఆఖరి ప్రశ్న, వచ్చే జనవరిలో టికెట్ కొనాలా అని. కొనండి. కప్ మ్యాచ్‌లకి టికెట్ మామూలుగా చవక, పిల్లలకి ఇంకా చవక. జట్టు పేర్లు మ్యాచ్‌కి గంట ముందే ఫోన్‌లో వచ్చేస్తాయి. మొదటి పదకొండు మందిని చూసి కంగారు పడకండి, బెంచీ చూడండి. అసలు స్ట్రైకర్, రోజూ ఆడే మిడ్‌ఫీల్డర్లలో ఒకడు అక్కడుంటే మీ మేనేజర్‌కి బుద్ధొచ్చినట్టే. లేకపోతే దగ్గర్లో ఏదో ఒక చిన్న క్లబ్ ఆ రోజే తన మ్యాచ్ ఆడుతూ ఉంటుంది. మీవాడిని అక్కడికి తీసుకెళ్ళండి. రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడితే ఆటగాళ్ళ తిట్లు కూడా వినపడతాయి, వాళ్ళమ్మకి మాత్రం చెప్పొద్దని ముందే ఒప్పందం చేసుకోండి.